మళ్ళీ చూడాల్సిన రోజు: పేగు జబ్బును తప్పుగా పట్టినప్పుడు పరిహారం కోరే దారి

పేగుల్లో ఏళ్ళ తరబడి వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ జబ్బు మన దగ్గర చాలామందికి టీబీ పేరుతోనే మొదలవుతుంది. పొత్తికడుపులో కుడివైపు నొప్పి, సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడటం, నెలల తరబడి విరేచనాలు, చూస్తుండగానే తగ్గిపోయే బరువు. కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట పుండ్లు కనిపిస్తాయి. ముక్క తీసి బయాప్సీకి పంపితే గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) ఉందని రిపోర్టు వస్తుంది. ఇవన్నీ పేగు టీబీలోనూ ఉంటాయి, క్రోన్స్‌లోనూ ఉంటాయి. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, ఆయన సహచరులు ఈ జబ్బును విడిగా వర్ణించేదాకా ఇలాంటి పేగులను చాలావరకు టీబీ లెక్కలోనే వేసేవారు. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో, పరీక్షలు రెండింటి మధ్య తేల్చలేనప్పుడు డాక్టరు ముందు టీబీ మందులు రాస్తే అది అందరూ అనుసరించే పద్ధతే.

అందుకే, వినియోగదారుల సంఘం తరఫున ఇలాంటి ఫైళ్ళు సర్దిపెట్టే నేను, వచ్చినవాళ్ళకు మొదట చెప్పే మాట వాళ్ళకు రుచించదు. జబ్బు పేరు తప్పు చెప్పారన్నంత మాత్రాన కేసు నిలబడదు. అదే రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న మరో డాక్టరు ఆ పరిస్థితుల్లో చేసే పనే ఈయనా చేశాడా, లేదా అన్నదే కోర్టు చూస్తుంది. ఇంగ్లండ్‌లో 1957 నాటి బోలం కేసులో పుట్టిన ఈ కొలతను మన సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో గట్టిగా నిలబెట్టింది. అంచనా తప్పడం వేరు, నిర్లక్ష్యం వేరు.

మరి కేసు ఎక్కడుంది? మందు పనిచేయడం లేదని కాగితాలే చెబుతున్నా, ఆగి మళ్ళీ పరీక్షించకుండా అదే మందును పొడిగించిన రోజులో ఉంది. ఆ రోజును వెతికి పట్టుకోవడమే ఈ పని మొత్తానికి ఆయువుపట్టు. ఇకమీదట చెప్పే ప్రతి అడుగూ దానికోసమే.

కాగితాలు రాబట్టడం

లాయరు దగ్గరకు వెళ్ళకముందే, నోటీసు పంపకముందే, ఆసుపత్రిలో ఎవరితోనూ గొడవపడకముందే రికార్డులు తెచ్చుకోండి. గొడవ మొదలయ్యాక ఫైలు అడిగితే అది ముందుగా యాజమాన్యం బల్లమీదకు వెళ్తుంది.

రికార్డు సెక్షన్ కౌంటర్లో వినిపించే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదమ్మా, ఇంకేం కావాలి?" సమ్మరీ సరిపోదు. అది వాళ్ళు తర్వాత కూర్చుని రాసుకున్న కథ. మీకు కావాల్సింది ఏ రోజుకారోజు రాసిన కేస్ షీట్. 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం రోగిగానీ, అతను అధికారమిచ్చిన మనిషిగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందిన రోగి రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్ళు భద్రపరచాలన్నదీ అదే నిబంధనల్లో ఉంది. అంటే ఆలస్యం చేస్తే చట్టబద్ధంగానే ఫైలు మాయం కావచ్చు. నోటితో అడగొద్దు, రాసి ఇవ్వండి. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నేను మీ ఆసుపత్రిలో ఫలానా యూహెచ్‌ఐడీ నంబరుతో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చికిత్స పొందాను. నా పూర్తి కేస్ షీట్, నర్సుల నోట్స్, అంగీకార పత్రాలు, ఓపీ రికార్డు, కొలనోస్కోపీ రిపోర్టు ఫొటోలతో సహా, సీటీ స్కాన్ సీడీ, బయాప్సీ రిపోర్టు, అన్ని రక్తపరీక్షల ఫలితాలు, బిల్లుల వివరాలు ధ్రువీకరించిన ప్రతులుగా 72 గంటల్లో ఇప్పించగలరు. ప్రతులకయ్యే ఖర్చు చెల్లిస్తాను. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు మరో ల్యాబులో చూపించుకోవడానికి ఇప్పించగలరు."

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. వాళ్ళు ముద్ర వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచండి. కారణం లేకుండా రికార్డు ఇవ్వకపోవడం కూడా రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీకు పనికొచ్చే విషయమే.

ఆ ఉత్తరం చివరి వాక్యంలోని బ్లాకుల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ మరచిపోతారు. మీ పేగు నుంచి తీసిన ముక్కను ల్యాబువాళ్ళు పారఫిన్ మైనంలో పోతపోసి చిన్న దిమ్మగా దాచిపెడతారు. దాన్నుంచి పలచని పొరలు కోసి, రంగు వేసి, గాజు పలక మీద పరిచినదే స్లైడు. రిపోర్టు ఒక మనిషి అభిప్రాయం మాత్రమే. దిమ్మ మాత్రం అసలు సాక్ష్యం. పేగు జబ్బుల్లో చేయితిరిగిన మరో పాథాలజిస్టు దాన్నుంచి కొత్త పొరలు కోయించి చూడగలడు. టీబీలో గ్రాన్యులోమాలు పెద్దవిగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మధ్యలో కుళ్ళి ఉండటం కద్దు. దాన్నే కేసియేషన్ అంటారు. క్రోన్స్‌లో అవి సాధారణంగా చిన్నవిగా, విడివిడిగా, కుళ్ళు లేకుండా ఉంటాయి. మొదటి రోజునే ఆ దిమ్మ ఏం చెప్పిందో ఇప్పుడు చదివించవచ్చు. ల్యాబులు వాటిని కలకాలం ఉంచవు కాబట్టి ముందు దీన్నే అడగండి.

ఇంట్లో ఉన్నవీ బయటకు తీయండి. మందుల షాపు బిల్లులు, పాత ఓపీ చీటీలు, డాక్టరుతో నడిచిన వాట్సాప్ సంభాషణ. ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇంకో ముఖ్యమైన చోటు ఉంది. టీబీ అని తేలిన ప్రతి రోగి వివరాన్నీ ప్రైవేటు డాక్టరు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. ఆ నమోదు నిక్షయ్ పోర్టల్లో ఉంటుంది. టీబీ రోగికి పోషకాహారం కోసం నెలకు రూ.500 చొప్పున, 2024 నవంబరు నుంచి రూ.1,000 చొప్పున బ్యాంకు ఖాతాలో పడే డబ్బూ ఆ నమోదు ఆధారంగానే వస్తుంది. పాస్‌బుక్కులో ఆ పద్దు ఉంటే, టీబీ మందులు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వాడించారన్నదానికి ప్రభుత్వమే సాక్షి.

తేదీల పట్టీ కట్టడం

తెల్లకాగితం మీద తేదీల వారీగా పట్టీ రాయండి. బాధను రాయకండి, కోపాన్ని రాయకండి. కాగితంలో ఉన్నదే రాసి, పక్కన ఆ కాగితం పేజీ నంబరు వేయండి. ఎలా ఉంటుందో చూపడానికి 24 ఏళ్ళ కుర్రాడి ఫైలు ఒకటి ఊహించుకుందాం.

2024 జనవరి 9: కొలనోస్కోపీ, పుండ్లు. సీటీలో పేగు వాచింది, ఇరుకు లేదు. బరువు 56 కిలోలు.
జనవరి 16: బయాప్సీలో గ్రాన్యులోమా ఉంది. కేసియేషన్ లేదు. టీబీ క్రిమి కనిపించలేదు. జీన్‌ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగటివ్.
జనవరి 18: నాలుగు రకాల టీబీ మందులు మొదలు.
మార్చి 21: ఓపీ చీటీలో 'విరేచనాలు తగ్గలేదు'. బరువు 53. అవే మందులు.
జులై 18: ఆరు నెలలు పూర్తి. నొప్పి అలాగే ఉంది. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) ఎక్కువ. బరువు 50. కొలనోస్కోపీ చేయలేదు. మరో ఆరు నెలలు మందులు.
అక్టోబరు 3: కామెర్లు. మందులు కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలు.
2025 ఫిబ్రవరి 4: వాంతులు, పొట్ట ఉబ్బరం. వేరే ఆసుపత్రిలో చేరిక. పేగు ఇరుకై అడ్డంకి. ఆపరేషన్.
ఫిబ్రవరి 12: తీసిన పేగు బయాప్సీలో క్రోన్స్ అని నిర్ధారణ.

ఈ పట్టీ ఇంట్లోవాళ్ళకు చూపిస్తే అందరి వేలూ జనవరి 18 మీదకే పోతుంది. ఆ రోజే తప్పు జరిగిందని వాళ్ళ నమ్మకం. ఆ తేదీ మీద కేసు కడితే ఓడిపోతారు. జీన్‌ఎక్స్‌పర్ట్ నెగటివ్ వచ్చినా పేగు టీబీ ఉండవచ్చు, ఆ పరీక్ష పేగు ముక్కల్లో చాలా కేసులను పట్టుకోలేదు. టీబీ క్రిమి కనిపించకపోవడం కూడా మామూలే. పైగా, ఉన్న టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ మందులో ఇస్తే టీబీ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకు వస్తుంది. జాగ్రత్తపడిన డాక్టరును తప్పుపట్టలేం.

మార్చి 21 కొంత మేలు. పేగు టీబీ అయితే మందులు మొదలైన రెండు మూడు నెలలకే పుండ్లు మానడం కొలనోస్కోపీలో కనిపిస్తుందని వైద్య సాహిత్యం చెబుతోంది. రోగి కాస్త తేలిగ్గా ఉందన్నా నమ్మడానికి లేదు, క్రోన్స్ ఉన్నవాళ్ళలోనూ టీబీ మందులతో కొందరికి లక్షణాలు తగ్గినట్టు అనిపిస్తుంది. పుండు మానిందా లేదా అన్నదే తేలాలి. కానీ ఇంకొన్నాళ్ళు చూద్దామనుకున్నానని డాక్టరు అనగలడు.

జులై 18కి అలాంటి జవాబు లేదు. కోర్సు పూర్తయింది. బరువు ఆరు కిలోలు తగ్గింది. సీఆర్‌పీ ఎక్కువగా ఉంది. మందుకు లొంగని టీబీయా, లేక అసలు టీబీయే కాదా అని అడగాల్సిన రోజు అది. మళ్ళీ కొలనోస్కోపీ లేదు, మందులకు లొంగని క్రిమి కోసం కల్చర్ లేదు, పెద్ద డాక్టరుకు రిఫరల్ లేదు. కాలేయాన్ని దెబ్బతీయగల మందులను మరో ఆరు నెలలు పొడిగించారు. ఈ ఫైలులో మళ్ళీ చూడాల్సిన రోజు అదే.

క్రోన్స్, టీబీ కాకుండా వేరే జత అయినా లెక్క ఇదే. రక్తం పడుతున్న అల్సరేటివ్ కొలైటిస్‌ను మొలలని, అమీబియాసిస్ అని నెలలు గడిపేసిన కేసుల్లో, రక్తం ఆగకపోయినా కనీసం సిగ్మాయిడోస్కోపీ చేయించని రోజును వెతకాలి. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని తేల్చేసిన కేసుల్లో బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రిపూట విరేచనాలు చీటీలో రాసి ఉండీ మలంలో కాల్‌ప్రొటెక్టిన్ లాంటి చిన్న పరీక్షైనా రాయని రోజును వెతకాలి. చికిత్స చేసినవాడికి ఆ వైద్యవిధానంలో అర్హతే లేకపోతే ఇంత వెతుకులాట అక్కర్లేదు. హోమియోపతి చదివిన డాక్టరు అల్లోపతి మందులివ్వడమే నిర్లక్ష్యం అని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో తేల్చింది.

గడువు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. కారణం ఎప్పుడు ఏర్పడినట్టు? తప్పు జరిగిన రోజా, తెలిసిన రోజా? 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా మాట్లాడింది. లోపల దాగిన హాని అయితే రోగికి తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండేదన్న రోజు నుంచి లెక్క. ఆ సూత్రం చెప్పిన తీర్పులోనే రోగి ఓడిపోయింది. 1993 ఆపరేషన్లో కడుపులో గాజుగుడ్డ వదిలేశారన్న ఫిర్యాదు అది. ఆమె స్వయంగా నర్సు. ఏళ్ళ తరబడి నొప్పితో ఉండీ ఆ సర్జనును తిరిగి సంప్రదించలేదు గనుక గడువు మించిందని కోర్టు అంది. దీన్నిబట్టి, మన కుర్రాడు 2025 ఫిబ్రవరి 12 నుంచి రెండేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు గానీ, అవతలి లాయరు 2024 జులై నుంచే లెక్కపెట్టమంటాడు. 2026 జులై 18 దాటకుండా వేసేస్తే ఆ వాదనకే చోటుండదు. ఆలస్యమైతే తగిన కారణంతో మాఫీ అర్జీ పెట్టే వీలుంది, దాని మీద ఆశపెట్టుకోకూడదు.

నిపుణుడి మాట

మన రాష్ట్రాల్లో ఒక డాక్టరు మీద మరో డాక్టరు రాసివ్వడం కష్టం, ఇది ఒప్పుకోవాల్సిన నిజం. బెంగళూరు, వెల్లూరు, చెన్నై వైపు గ్యాస్ట్రోఎంటరాలజిస్టును వెతకండి. "ఈ డాక్టరు తప్పు చేశాడా?" అని అడిగితే ఎవరూ ముట్టుకోరు. ప్రశ్న ఇరుకుగా ఉండాలి. ఆరు నెలల టీబీ చికిత్స తర్వాత ఈ లక్షణాలు, ఈ ఫలితాలు ఉన్న రోగికి సాధారణంగా ఏ పరీక్షలు చేస్తారు? 2024 జనవరి సీటీలో ఇరుకు ఉందా, 2025 ఫిబ్రవరి సీటీలో ఉందా? జులైలోనే క్రోన్స్ చికిత్స మొదలుపెట్టి ఉంటే ఆపరేషన్ తప్పే అవకాశం ఎంత? ఈ మూడింటికి సంతకంతో జవాబు దొరికితే మీ కేసుకు వెన్నెముక వచ్చినట్టే.

నిపుణుడు అస్సలు దొరకకపోయినా తలుపులు మూసుకుపోవు. హైదరాబాద్ నుంచే వెళ్ళిన వి. కిషన్ రావు కేసు ఇక్కడ మనకు దన్ను. 2002లో చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరిన ఆయన భార్యకు టైఫాయిడ్ వైద్యం చేశారు, అసలు జబ్బు మలేరియా. ఆమె చనిపోయింది. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. జిల్లా వినియోగదారుల ఫోరం రూ.2 లక్షల పరిహారం ఇచ్చింది. పై రెండు కమిషన్లు నిపుణుడి సాక్ష్యం లేదంటూ కొట్టేశాయి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టి, ప్రతి వైద్య కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. అయితే టైఫాయిడ్, మలేరియా అంత తేటగా క్రోన్స్, టీబీ విడిపోవు. ఈ తీర్పును ఆసరాగా ఉంచుకోండి, నిపుణుడిని వెతకడం మాత్రం మానకండి.

డబ్బు లెక్క

ఇక్కడే చాలా ఫిర్యాదులు నమ్మకం పోగొట్టుకుంటాయి. 2013లో కోల్‌కతాకు చెందిన కునాల్ సాహా కేసులో సుప్రీంకోర్టు వడ్డీ కాక దాదాపు రూ.6 కోట్లు ఇచ్చిందని అందరూ వినే ఉంటారు. దాన్ని చూసి కోట్లు రాసేస్తారు. ఆ కేసులో చనిపోయిన సాహా భార్య అమెరికాలో స్థిరపడిన వృత్తినిపుణురాలు, ఆ లెక్కకు ఆ ఆదాయం ఆధారం.

క్రోన్స్ డాక్టరు తెచ్చిన జబ్బు కాదు. జులైలో సరిగ్గా పట్టినా ఆ కుర్రాడికి జీవితాంతం మందులు, పరీక్షలు తప్పేవి కావు. కాబట్టి జబ్బు ఖర్చంతా అడగకూడదు. ఆలస్యం వల్ల అదనంగా వచ్చినదే అడగాలి. జులై తర్వాత వాడించిన టీబీ మందులు, కామెర్లకు చేసిన వైద్యం, అడ్డంకికి ఆపరేషన్, ఆసుపత్రి రోజులు, ఆ ఏడాది పోయిన జీతం లేదా చదువు, తోడున్న తల్లి కోల్పోయిన కూలీ, ప్రయాణాలు, కోసేసిన పేగు వల్ల ముందుముందు వచ్చే ఖర్చు, చివరగా నొప్పి, మనోవేదన. చివరిదానికి తప్ప ప్రతిదానికీ ఒక కాగితం చూపాలి. జీతపు చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, కాలేజీ హాజరు పట్టీ. కూలిపని చేసే తల్లికి జీతపు చీటీ ఉండదు, ఉపాధి హామీ జాబ్‌కార్డో, పని ఇచ్చినవారి అఫిడవిటో పెట్టవచ్చు. ఈ తల్లుల నష్టాన్ని ఎవరూ రాయరు. నేను మాత్రం అడిగి మరీ రాయిస్తాను, ఎందుకంటే ఆసుపత్రి బెంచీ మీద గడిపిన ఆ నెలలు ఆ ఇంటికి నిజంగా తగ్గిన డబ్బు.

ఎక్కడ వేయాలి

డబ్బు తీసుకుని వైద్యం చేసిన ఆసుపత్రి అయితే వినియోగదారుల కమిషన్. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995లో ఐఎంఏ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా, పనిచేసే సంస్థ కట్టినా మీరు వినియోగదారులే. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచితంగా చూపించుకున్నవారూ వినియోగదారులే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి మాత్రం దీని కిందకు రాదు, దానిమీద సివిల్ కోర్టుకు వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రి రికార్డులకు సమాచార హక్కు చట్టమూ పనికొస్తుంది.

మీరు చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్, రూ.2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. 2021 డిసెంబరు చివరి నాటి నిబంధనలివి. లెక్క మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి. కట్టింది రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుమే లేదు, రూ.10 లక్షల వరకు రూ.200. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. పేగు జబ్బుతో రోజుకు పదిసార్లు బాత్రూముకు వెళ్ళే మనిషికి వాయిదాకల్లా బస్సెక్కడం ఎంత నరకమో తెలిసినవాళ్ళకు ఈ మార్పు విలువ తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో వేయడానికి ఈ-జాగృతి పోర్టల్ ఉంది.

లాయరు తప్పనిసరి కాదు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రాజీకి ఆశ ఉంటే శాశ్వత లోక్ అదాలత్ ఇంకో దారి. ఆసుపత్రి సేవలు దాని పరిధిలో ఉన్నాయి, కోటి రూపాయల వరకు వివాదాలు వింటుంది. కోర్టుకు వెళ్ళకముందే అక్కడకు వెళ్ళాలి.

మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వేరే సంగతి. అది డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు, డబ్బు ఇప్పించలేదు. పోలీసు కేసు జోలికి వెళ్ళవద్దని నా సలహా. దానికి ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని జాకబ్ మాథ్యూ తీర్పే చెబుతోంది, ఈ తరహా ఫైళ్ళు అక్కడ నిలవవు.

ముందుగా లీగల్ నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి చేయలేదు గానీ, జవాబులో ఆసుపత్రి ఏ వాదన ఎత్తుకుంటుందో ముందే తెలుస్తుంది. ప్రతివాదులుగా ఆసుపత్రినీ, చూసిన డాక్టరునూ పెట్టండి. ఫలానా డాక్టరును చేర్చలేదన్న కారణంతో కేసు కొట్టేయకూడదని 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరుకు వృత్తి బీమా ఉందని తెలిస్తే ఆ కంపెనీనీ చేర్చవచ్చు.

ఫిర్యాదును నాలుగైదు పేజీలు మించనివ్వకండి. మొదటి పేజీలోనే తేదీల పట్టీ. రెండో పేజీలో, మళ్ళీ చూడాల్సిన రోజున డాక్టరు ముందున్న సమాచారం ఏమిటి, చేయాల్సిందేమిటి, చేయనిదేమిటి. ఆ తర్వాత నష్టం, కాగితాల జాబితా, అఫిడవిట్.

విచారణ, ఆ తర్వాత

నోటీసు అందిన 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో అవతలివాళ్ళు జవాబు వేయాలి. 45 రోజులు దాటితే తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తేదీని క్యాలెండర్లో రాసుకోండి. జవాబులో సాధారణంగా మూడు వాదనలుంటాయి. టీబీ, క్రోన్స్ విడదీయడం కష్టం. రోగి మందులు సరిగా వాడలేదు. చెప్పిన తేదీకి రాలేదు. మొదటిదాన్ని ఒప్పేసుకోండి, కష్టం గనుకనే మళ్ళీ చూడాలి కదా అన్నది మీ జవాబు. రెండో వాదనకు మందుల బిల్లులూ, నిక్షయ్ నమోదూ జవాబు చెబుతాయి. మూడోదానికి ఓపీ చీటీల తేదీలున్నాయి. కమిషన్ ప్రభుత్వ వైద్య కళాశాల నిపుణుల అభిప్రాయం అడిగితే, ఫైలంతా వాళ్ళ ముందు పడేయకుండా మీ మూడు ప్రశ్నలే పంపమని అర్జీ పెట్టండి. లేకపోతే 'చికిత్స ప్రమాణాల ప్రకారమే జరిగింది' అన్న ఒక్క వాక్యంతో తిరిగొస్తుంది.

మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. కిషన్ రావు ఫైలు 2002 నాటి మరణం నుంచి 2010 దాకా నడిచింది. నిమ్స్ మీద ఒక ఇంజినీరింగ్ విద్యార్థి వేసిన కేసు 1990 ఆపరేషన్ నుంచి 2009లో కోటి రూపాయల తీర్పు దాకా సాగింది. నడుము కింద చచ్చుబడిపోయిన ఆయన సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించాడు. ఇది తెలిసే దిగండి. మధ్యలో రాజీ మాట వస్తే, మీ కాగితాల లెక్క ఎంతుందో చూసుకుని మాట్లాడండి. నిర్లక్ష్యం వల్ల తీవ్రమైన గాయమో, మరణమో జరగని కేసైతే మొదటి విచారణలో కమిషనే మధ్యవర్తిత్వానికి పంపవచ్చు. అక్కడ ఒప్పుకునే ముందు, భవిష్యత్ చికిత్సకు ఏ హక్కులు వదులుకుంటున్నారో ప్రతి వాక్యం చదివించుకోండి. కేసు నడుస్తోందని చికిత్స ఆపకండి, కొత్త డాక్టరు రాసే ప్రతి చీటీ కూడా ఫైలులోకి చేరుతుంది.

జిల్లా కమిషన్ తీర్పు మీద అప్పీలుకు 45 రోజుల గడువు. ఆసుపత్రి అప్పీలుకు వెళ్ళాలంటే తీర్పులో ఇచ్చిన మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ వేయక, డబ్బూ ఇవ్వకపోతే సెక్షన్ 71 కింద అమలు అర్జీ వేయండి, సివిల్ కోర్టు డిక్రీలాగే ఆస్తుల మీదకు వెళ్ళవచ్చు. సెక్షన్ 72 కింద ఇంకో అర్జీ కూడా పక్కనే వేయాలి. తీర్పు పాటించనివారికి నెల నుంచి మూడేళ్ళ వరకు జైలు, రూ.25,000కు తగ్గని జరిమానా అందులో ఉన్నాయి, ఆ అర్జీ మీద నోటీసు వెళ్ళాక చెక్కు త్వరగా వస్తుంది.